సన్నబడే సూది: ఎవరికి ఔషధం, ఎవరికి అనర్థం?

పెళ్ళి ముహూర్తం కుదిరిన ఇంట్లో పనులకు కొదువ ఉండదు. బట్టలు, బంగారం, శుభలేఖలు, కల్యాణ మండపం వంటి వాటి సరసన ఇటీవల మరొక విషయం కూడా చర్చకు వస్తున్నది. “అమ్మాయి కాస్త ఒళ్ళు తగ్గితే ఫొటోలలో బాగుంటుంది” అని మేనత్త అంటుంది. “ఏదో సూది వచ్చిందట, వారానికి ఒకసారి వేసుకుంటే చాలునట” అని పట్నం నుండి వచ్చిన బంధువు అందుకుంటాడు. ఆ సూదిని ఎవరి కోసం తయారు చేశారు, అది శరీరంలో ఏమి చేస్తుంది, మానేస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నలు మాత్రం ఎవరి నోటా రావు. పెళ్ళికూతురి విషయంలోనే కాదు, ఉద్యోగానికి వెళ్ళబోయే యువకుని విషయంలోనూ, కాన్పు తరువాత లావెక్కిన కోడలి విషయంలోనూ ఇదే జరుగుతున్నది. వేయించుకునే ముందు ఆ ప్రశ్నలకు సమాధానాలు తెలుసుకొనడం ప్రతి కుటుంబానికీ అవసరం.

ఈ మందులు ఏమిటి?

ఈ కోవకు చెందిన మందులలో నేడు ప్రధానంగా వినిపించేవి రెండు. మొదటిది సెమాగ్లుటైడ్. దీనికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017 డిసెంబరులో మధుమేహ చికిత్సకై ఓజెంపిక్ అనే పేరుతోనూ, 2021 జూన్‌లో స్థూలకాయ చికిత్సకై వెగోవీ అనే పేరుతోనూ అనుమతి ఇచ్చింది. రెండవది టిర్జెపటైడ్. ఇది మౌంజారో అనే పేరుతో 2022 మే నెలలో మధుమేహానికి అనుమతి పొందింది.

భారతదేశంలోకి మౌంజారో 2025 మార్చిలోనూ, వెగోవీ 2025 జూన్‌లోనూ, ఓజెంపిక్ 2025 డిసెంబరులోనూ వచ్చాయి. మౌంజారో మన మార్కెట్టులో అడుగు పెట్టినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా ధర 3,500 రూపాయలు. ఒక సీసా ఒక వారానికి మాత్రమే సరిపోతుంది కనుక నెలకు 14,000 రూపాయలు అయ్యేది. అంత ఖర్చు సామాన్య కుటుంబాలకు అందుబాటులో లేనందున ఈ మోజు మొదట నగరాలకే పరిమితమైంది. అయితే సెమాగ్లుటైడ్‌పై మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే కావడంతో, హైదరాబాదులోని కంపెనీలతో సహా అనేక దేశీయ సంస్థలు చవక రకాల తయారీకి ముందు నుండే సిద్ధపడ్డాయి. మధుమేహ రోగులకు ఇది శుభవార్తే. కాని ధర అడ్డు తొలగిన కొద్దీ అవసరం లేనివారి చేతికి కూడా మందు సులభంగా చేరుతుంది.

సూది చేసే పని

మనం భోజనం చేసినప్పుడు చిన్నప్రేగు జి.ఎల్.పి.-1 అనే హార్మోనును విడుదల చేస్తుంది. అది క్లోమాన్ని ప్రేరేపించి ఇన్సులిన్ విడుదలయ్యేటట్లు చేస్తుంది. జీర్ణకోశం నుండి ఆహారం ముందుకు కదిలే వేగాన్ని తగ్గిస్తుంది. మెదడుకు “ఇక చాలు” అనే సంకేతం పంపుతుంది. కాని ఈ సహజ హార్మోను రక్తంలో ఒకటి రెండు నిమిషాలలోనే విచ్ఛిన్నమైపోతుంది.

దీనిని పోలిన పదార్థం ఎక్కువసేపు నిలిచి ఉండేటట్లు చేయగలిగితే మధుమేహానికి మందు అవుతుందని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. జాన్ ఎంగ్ అనే అమెరికా వైద్యుడు అక్కడి ఎడారులలో ఉండే గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి విషంలో అటువంటి పదార్థాన్ని కనుగొని 1992లో వెల్లడించాడు. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్ అనే మందు 2005లో మధుమేహ రోగులకు అందుబాటులోకి వచ్చింది. ఆ మార్గంలో సాగిన పరిశోధనల ఫలితమే వారానికి ఒకసారి తీసుకుంటే సరిపోయే నేటి సూదులు. ఈ కథలో గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. ఈ మందులు మొదట పుట్టినది మధుమేహం కోసం. ఆకలి తగ్గడం, బరువు తగ్గడం ఆ దారిలో కనిపించిన ఫలితాలు.

ఎవరి మీద పరీక్షించారు?

ఒక మందు మంచిదా, చెడ్డదా అని విడిగా చెప్పడం సాధ్యం కాదు. ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నదానిని బట్టి అది నిర్ణయమవుతుంది. సెమాగ్లుటైడ్‌కు స్థూలకాయ చికిత్సలో అనుమతి రావడానికి ఆధారమైన పరిశీలనలలో ముఖ్యమైనది 2021లో ప్రచురితమైంది. అందులో 1,961 మంది పాల్గొన్నారు. ప్రారంభంలో వారి సగటు బరువు 105 కిలోలు. ఆహార నియమాలు, వ్యాయామంతో పాటు 68 వారాలు సూది తీసుకున్నవారి బరువు సగటున 14.9 శాతం తగ్గింది. మందు లేని ఉత్తుత్తి సూది తీసుకున్నవారిలో తగ్గినది 2.4 శాతం.

2023లో వెలువడిన మరొక పరిశీలనలో అప్పటికే గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉండి, బరువు అధికంగా గల 17,604 మందిని పరిశీలించారు. సెమాగ్లుటైడ్ తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. ఇది చిన్న విషయం కాదు. అటువంటి రోగికి ఈ సూది ప్రాణాన్ని నిలబెట్టే మందు. 2025 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గర్భిణులను మినహాయించి, స్థూలకాయం గల పెద్దలకు ఈ మందులను కొన్ని షరతులతో దీర్ఘకాల చికిత్సగా వాడవచ్చునని సూచించింది.

ఈ పరిశీలనలలో పాల్గొన్నవారెవరూ మామూలు బరువు గలవారు కారు. పెళ్ళి పట్టుచీరలో మరికొంత సన్నగా కనిపించాలని కోరుకునే 55 కిలోల అమ్మాయికి ఈ మందు మేలు చేస్తుందని వాటిలో ఏదీ చూపలేదు. రోగికి కీడు కొంత ఉన్నా దానిని మించిన మేలు ఉన్నది. ఆరోగ్యవంతురాలికి తూకంలో మేలు వైపు ఏమీ ఉండదు, కీడు మాత్రం అంతే ఉంటుంది.

లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు

బరువు అధికమా కాదా అని తెలుసుకొనడానికి వైద్యులు బి.ఎం.ఐ. అనే కొలతను ఉపయోగిస్తారు. కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. హైస్కూలు చదివే పిల్లవాడు కూడా ఈ లెక్క చేయగలడు. ఉదాహరణకు 155 సెంటీమీటర్ల ఎత్తు, 55 కిలోల బరువు గల యువతి బి.ఎం.ఐ. సుమారు 22.9. భారతీయులకు 18.5 నుండి 22.9 వరకు మామూలు బరువు. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని మన దేశ నిపుణులు 2009లో నిర్ణయించారు.

ఈ సూది మందులకు అనుమతి ఉన్నది బి.ఎం.ఐ. 30 లేదా అంతకు మించినవారికి, లేక 27 దాటి దానితో పాటు మధుమేహం, రక్తపోటు వంటి జబ్బు ఉన్నవారికి. పైన చెప్పిన ఎత్తు గల యువతి విషయంలో అది 72 కిలోలు, లేదా జబ్బుతో కూడిన 65 కిలోలు. మన ఇళ్ళలో “లావుగా ఉన్నది” అనిపించుకునే ఆడపిల్లలలో చాలామంది ఈ గీతకు ఎంతో దూరంలో ఉంటారు.

అలాగని సన్నగా కనిపించేవారందరూ ఆరోగ్యవంతులనుకొనడం కూడా పొరపాటే. పుణేకు చెందిన వైద్య శాస్త్రజ్ఞుడు సి.ఎస్. యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ శరీరాలనే పోల్చి చూపారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒక్కటే, 22.3. కాని యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం ఉండగా, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం ఉన్నది. భారతీయులలో కొవ్వు పైకి కనిపించకుండా పొట్ట లోపల పేరుకొనే స్వభావం అధికం. అందుకే నడుము చుట్టుకొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతారు. నడుముకు టేపు చుట్టి చూసుకొనడం, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకొనడం అద్దం చూసుకొనడం కంటె నమ్మదగిన పనులు. ఇంట్లో పెళ్ళికూతురిని గూర్చి చర్చ జరుగుతున్నప్పుడు, నిజంగా చికిత్స కావలసినవాడు పొట్ట పెరిగిన తండ్రే కావచ్చు.

ముహూర్తంలోపల సన్నబడవచ్చునా?

రెండు నెలలలో పెళ్ళి పెట్టుకొని సూది మొదలుపెట్టేవారు తెలుసుకోవలసిన లెక్క మరొకటి ఉన్నది. సెమాగ్లుటైడ్‌ను 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 0.5, 1, 1.7 మిల్లీగ్రాములకు పెంచుతూ పోవాలి. పూర్తి మోతాదు అయిన 2.4 మిల్లీగ్రాములకు చేరడానికే 16 వారాలు పడుతుంది. శరీరం అలవాటు పడాలనే ఇంత నెమ్మదిగా పెంచుతారు. ముహూర్తం దగ్గర పడుతున్నదని మోతాదు తొందరగా పెంచితే వాంతులు, విరేచనాలు, నీరసం పట్టుకొని అమ్మాయి పీటల మీద కూర్చొనలేని స్థితి వస్తుంది. పద్ధతి ప్రకారం పెంచినప్పుడు కూడా పైన చెప్పిన 2021 నాటి పరిశీలనలో నూటికి 44 మందికి వికారం, 25 మందికి వాంతులు కలిగాయి.

పిత్తాశయంలో రాళ్ళు, అరుదుగా క్లోమం వాపు కూడా ఈ మందులతో వచ్చే ప్రమాదాలు. చాలా అరుదుగా, 10,000 మందిలో ఒకరికి వరకు, కంటినరానికి రక్తప్రసారం ఆగి చూపు దెబ్బతినవచ్చునని 2025 జూన్‌లో ఐరోపా ఔషధ సంస్థ తేల్చింది. కుటుంబంలో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సరు వచ్చినవారు ఈ మందు వాడరాదని హెచ్చరిక ఉన్నది.

మరొక నష్టం త్రాసు మీద కనిపించదు. తగ్గిన బరువు అంతా కొవ్వు కాదు. అదే పరిశీలనలో కొందరి శరీరాలను యంత్రంతో కొలిచి చూడగా, తగ్గిన బరువులో మూడో వంతుకు పైగా కండ తదితర కొవ్వు లేని భాగమని తేలింది. 105 కిలోల మనిషి దానిని కొంతవరకు తట్టుకొనవచ్చును. మామూలు బరువు గల యువతికి అది ఒంట్లోని బలం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అప్పటికే రక్తం తక్కువగా ఉన్న అమ్మాయికి ఆకలి కూడా చంపివేస్తే ఆమె తినే పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, పాలు మరింత తగ్గుతాయి. వేగంగా బరువు తగ్గినప్పుడు బుగ్గలు పీక్కుపోవడం, కొన్ని నెలల తరువాత జుట్టు రాలడం కూడా సాధారణం. అందం కోసం మొదలుపెట్టిన మందు అందాన్నే హరించే సందర్భాలు ఇవి.

ఇంతా చేసి తగ్గిన బరువు నిలుస్తుందా? సూది మానివేసిన తరువాత ఏడాదిపాటు గమనించగా, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు 2022లో వెల్లడైంది. మధుమేహానికి, రక్తపోటుకు మందు ఎలా కొనసాగించాలో స్థూలకాయానికి కూడా అలాగే. జబ్బు ఉన్నవారికి దీర్ఘకాలం వాడడంలో అర్థం ఉన్నది. ఒక రోజు ఫొటోల కోసం మొదలుపెట్టినవారు ఎన్నేళ్ళు కొనసాగించగలరు?

పెళ్ళి తరువాత అసలు ప్రమాదం

పెద్దలు ఎక్కువగా ఆలోచించవలసిన విషయం ఇది. మన కుటుంబాలలో పెళ్ళైన కొద్ది నెలలకే “ఏమైనా విశేషమా?” అని అడగడం పరిపాటి. ఈ మందులు గర్భిణులు వాడరాదు. సెమాగ్లుటైడ్ శరీరం నుండి నెమ్మదిగా తొలగిపోతుంది కనుక, గర్భం ధరించదలచుకొన్న సమయానికి కనీసం రెండు నెలల ముందే మానివేయాలి. పెళ్ళి ముందు రోజు వరకు సూది వేసుకొన్న అమ్మాయి మరుసటి నెలలోనే గర్భవతి అయితే, ఆ మందు ఇంకా ఆమె శరీరంలో ఉన్నట్లే లెక్క.

టిర్జెపటైడ్ విషయంలో మరొక చిక్కు ఉన్నది. అది జీర్ణకోశం కదలికను మందగింపజేయడం వలన నోటితో మింగే గర్భనిరోధక మాత్రలు సరిగా పని చేయకపోవచ్చును. అందుచేత సూది మొదలుపెట్టిన నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు వేరే పద్ధతి కూడా పాటించాలని దాని సూచనలలో ఉన్నది. దీనికి తోడు, అండాశయ సమస్యల వలన నెలసరి సరిగా రాని స్త్రీలలో బరువు తగ్గినప్పుడు గర్భం ధరించే అవకాశం పెరుగుతుంది. పెళ్ళికూతురు సిగ్గుపడి చెప్పక, అత్తవారికి తెలియక, కాన్పు డాక్టరు అడగక ఈ విషయం మరుగున పడిపోయే ప్రమాదం ఉన్నది. సూది వాడుతున్నా, ఇటీవల వాడి మానినా ఆ సంగతి భర్తకూ, డాక్టరుకూ తప్పక తెలియజేయాలి. ఏదైనా ఆపరేషను చేయవలసి వచ్చినప్పుడు మత్తు డాక్టరుకు కూడా చెప్పాలి. కడుపు ఖాళీ కావడానికి ఎక్కువ సమయం పట్టడమే అందుకు కారణం.

చరిత్ర నేర్పిన పాఠం

సన్నబడే మందుల మోజు ఈనాటిది కాదు. 1933 తరువాత అమెరికాలో డి.ఎన్.పి. అనే రసాయనాన్ని సన్నబడడానికి విరివిగా వాడారు. అనేకులకు కంటిచూపు దెబ్బతిని, కొందరు ప్రాణాలు కోల్పోయిన తరువాత 1938 నాటి చట్టంతో అది మనుషులు వాడదగని మందుల జాబితాకు చేరింది. 1965లో స్విట్జర్లాండులో విడుదలైన అమినోరెక్స్ ఊపిరితిత్తుల రక్తనాళాలలో ఒత్తిడిని పెంచి పలువురిని బలిగొన్నది. ఫెన్‌ఫ్లూరమిన్ అనే మందు గుండె కవాటాలను దెబ్బ తీస్తున్నదని తేలడంతో 1997లో అమెరికా మార్కెట్టు నుండి తొలగించారు. మన దేశంలో కూడా దొరికిన సిబుట్రమిన్‌ను గుండెకు హాని కారణంగా 2011లో భారత ప్రభుత్వం నిషేధించింది.

నేటి సూదులు వాటి వంటివి కావు. ఇవి ఎంతో విస్తృతంగా పరీక్షకు నిలిచినవి. అయినా ఆ చరిత్ర నుండి నేర్చుకోవలసినది ఒకటి ఉన్నది. ఎంతోమంది వాడిన తరువాతనే హాని పూర్తిగా బయటపడింది. ఈసారి మరొక అన్యాయం కూడా జరిగింది. అమెరికాలో 2022 నుండి 2025 ఆరంభం వరకు సెమాగ్లుటైడ్ కొరత ఏర్పడి, నిజంగా అవసరమైన మధుమేహ రోగులు మందు దొరకక ఇబ్బంది పడ్డారు. సన్నబడడానికి కొనేవారి రద్దీ కూడా అందుకు ఒక కారణం.

కొనే ముందు, వేసుకొనే ముందు

గిరాకీ పెరిగిన చోట నకిలీ సరుకు వస్తుంది. బ్రెజిల్, బ్రిటన్, అమెరికా దేశాలలో నకిలీ ఓజెంపిక్ పట్టుబడినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించింది. ఈ మందులు వైద్యుని చీటీ లేకుండా అమ్మరానివి. తెరవని పెన్నులను 2 నుండి 8 డిగ్రీల చలిలో, గడ్డ కట్టకుండా ఉంచాలి. బిల్లు లేకుండా, చేతిసంచిలో బస్సులో తెప్పించుకొన్న సూది అసలుదైనా చెడిపోయి ఉండవచ్చును.

సరిహద్దు గ్రామాల వారికి మరొక జాగ్రత్త అవసరం. హోసూరు వారు బెంగళూరుకు, రాయగడ వారు విశాఖపట్నానికి, యానాం వారు కాకినాడకు వైద్యం కోసం వెళ్ళడం మామూలే. ఒక రాష్ట్రంలో డాక్టరు వ్రాసిన మందును మరొక రాష్ట్రంలో వేసుకుంటూ, మళ్ళీ ఆ డాక్టరును చూడకుండా నెలలు గడపడం ఈ సూదుల విషయంలో పనికిరాదు. మోతాదు పెంచే ప్రతి మెట్టులోనూ వైద్యుని పర్యవేక్షణ ఉండాలి. భాష సరిగా తెలియని డాక్టరు వద్దకు వెళ్ళేటప్పుడు రెండు భాషలూ వచ్చిన ఒకరిని వెంట తీసుకువెళ్ళాలి. ఈ క్రింది విషయాలు ఒక కాగితం మీద వ్రాసుకొని వెళ్ళడం మంచిది.

1. ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత.
2. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ. ముఖ్యంగా ఇన్సులిన్, చక్కెర మాత్రలు, గర్భనిరోధక మాత్రలు.
3. కుటుంబంలో థైరాయిడ్ క్యాన్సరు, తనకు గతంలో క్లోమం వాపు, పిత్తాశయంలో రాళ్ళు వచ్చినవా అన్న సంగతి.
4. పెళ్ళి తేదీ, సంతానం గురించిన ఆలోచన.
5. “ఈ మందు నా జబ్బుకా, నా రూపానికా? ఎంతకాలం వాడాలి? మానితే ఏమవుతుంది?” అన్న ప్రశ్నలు.

మందు మొదలుపెట్టిన తరువాత పొట్ట పైభాగంలో విడువని తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, హఠాత్తుగా చూపు మందగించడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇప్పటికే మధుమేహానికో, గుండె జబ్బుకో, నిజమైన స్థూలకాయానికో డాక్టరు సలహాపై ఈ సూది వాడుతున్నవారు ఇది చదివి మానివేయరాదు. చికిత్స తీసుకుంటున్నందుకు వారు సిగ్గుపడవలసిన పని కూడా లేదు. వారిని “తిండి తగ్గించలేక సూది వేసుకుంటున్నారు” అని ఎగతాళి చేయడం తప్పు. మామూలు బరువు గల ఆడపిల్లను “ఇంకా సన్నబడు” అని ఒత్తిడి చేయడం అంతకంటె పెద్ద తప్పు. పెళ్ళిచూపులలో కూర్చున్న పెద్దలు అమ్మాయి నడుము కొలత మీద మాట్లాడడం మానివేస్తే, ఆమెకు ఆ సూది అవసరమే రాదు. పెళ్ళి నిశ్చయమైన ఇంట్లో ముందుగా చేయించవలసినది రక్తపరీక్ష. రక్తం తక్కువగా ఉంటే దానిని సరిచేసి, బలమైన ఆహారంతో, రోజూ కొంత నడకతో అమ్మాయిని అత్తవారింటికి పంపితే, ఆమెకూ, ఆమె కడుపున పుట్టబోయే బిడ్డకూ పుట్టింటివారు ఇచ్చే మేలైన సారె అదే అవుతుంది.